ఖాళీ కుర్చీల లెక్క

చికాగోకి రెండు బేస్‌బాల్ టీమ్‌లు, నార్త్ సైడ్‌లో కబ్స్, సౌత్ సైడ్‌లో వైట్ సాక్స్. 2025 జులైలో ఆ రెండింటికీ క్రాస్‌టౌన్ సిరీస్ జరుగుతుంటే సౌత్ సైడ్‌లో మ్యాచ్ చూసి రెడ్ లైన్ రైలెక్కా. రైలు కిక్కిరిసిపోయి ఉంది, సగం కబ్స్ నీలం టోపీలు, సగం సాక్స్ నల్ల టోపీలు. నా పక్కన రాడ్ పట్టుకుని నిలబడ్డావిడకి యాభై ఏళ్ళుంటాయేమో, ఒకప్పటి కబ్స్ ఆటగాడు రిజ్జో 44 నంబర్ జెర్సీ వేసుకుంది. ఎదురు సీట్లో ఒక పెద్దాయన, ఒకప్పటి సాక్స్ ఆటగాడు కొనెర్కో 14. గొడవ ఎక్కడ మొదలైందో తెలీదు, నా చెవిన పడేసరికే ఎవరి ఫ్యాన్స్ గొప్ప అనే దగ్గరికొచ్చేసింది.

"వరల్డ్ సిరీస్ కప్పు కోసం 108 ఏళ్ళు ఎదురుచూశాం మేము. అంత ఓపిక ఈ దేశంలో ఇంకెవరికుంది?" అంది ఆవిడ.

"మేము 88 ఏళ్ళు చూశాం" అన్నాడాయన.

"20 ఏళ్ళు తక్కువేగా."

"తక్కువే. కానీ మీ 108 దేశమంతా లెక్కపెట్టిందమ్మా. మా 88 ఎవరు లెక్కపెట్టారు?"

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత, పోయిన సీజన్‌లో మీ స్టేడియంలో కుర్చీలున్నాయి గానీ మనుషులేరీ అంది. మీ స్టేడియంలో మనుషులున్నారు, మ్యాచ్ చూసేవాళ్ళేరీ అన్నాడాయన. వెనకెక్కడో ఒక కుర్రాడు "పోప్ మావాడే" అని అరిచాడు, చికాగోలో పుట్టిన పోప్ లియో సాక్స్ ఫ్యాన్ మరి, బోగీ అంతా నవ్వింది. రూజ్‌వెల్ట్‌లో పెద్దాయన దిగిపోయాడు. దిగేముందు ఆవిడకి చెయ్యి కూడా ఊపాడు.

ఆ ఒక్క మాట మాత్రం నాతో ఇంటికొచ్చింది. మా 88 ఎవరు లెక్కపెట్టారు అన్నది.

నేను కబ్స్ ఫ్యాన్‌ని. ఆరోజు నా నెత్తినున్నది కూడా నీలం టోపీయే. న్యాయంగా ఆవిడ తరఫున నాలుగు మాటలు కలపాల్సినవాణ్ణి, నోరు పెగల్లేదు. ఎందుకు పెగల్లేదా అని చాలా రోజులు ఆలోచించాక ఒక అభిప్రాయానికొచ్చా, అది మావాళ్ళకి నచ్చదని తెలుసు, అయినా రాస్తున్నా. ఈ వాదనలో సాక్స్ వాళ్ళదే పైచెయ్యి. కప్పుల వల్ల కాదు, జనం వల్ల అసలే కాదు, జనం లెక్కలో అయితే వాళ్ళు మాకు ఆమడ దూరంలో ఉంటారు. ఎవరూ చూడనప్పుడు, ఎవరూ జాలిపడనప్పుడు, ఆఖరికి వాళ్ళ బాధ ఒక కథగా కూడా పనికిరానప్పుడు వాళ్ళు పట్టుకుని ఉన్నారు. మా బాధకి దేశమంతా ప్రేక్షకులు. 1945లో తన మేకని స్టేడియంలోకి రానివ్వలేదని ఒకాయన పెట్టాడనే శాపం, 1969లో మా ఆటగాళ్ళ ముందు తిరిగిన నల్ల పిల్లి, 2003లో ఒక ఫ్యాన్ చెయ్యి తగిలి క్యాచ్ తప్పిన ఆ ఫౌల్ బాల్, బేస్‌బాల్ అంటే ఏంటో తెలీనివాళ్ళకి కూడా కబ్స్ ఓడిపోతారని తెలుసు. ఓడిపోవడమే మాకో గుర్తింపు అయిపోయింది. సాక్స్‌కి అలాంటిదేం లేదు. వాళ్ళ పాత కథల్లో దేశానికి గుర్తున్నది ఒక్కటే, 1919లో డబ్బుకి అమ్ముడుపోయారని ఎనిమిది మంది ఆటగాళ్ళని జీవితాంతం బహిష్కరించడం. అది తలుచుకుని కూర్చునే కథా? 2005లో, సీజన్ చివర కప్పు కోసం ఆడే పోస్ట్‌సీజన్ మొత్తమ్మీద 11 గెలిచి ఒక్కటే ఓడి, హ్యూస్టన్‌ని నాలుక్కి నాలుగు మ్యాచ్‌లు కొట్టి కప్పు తెచ్చారు. 2016లో మేము గెలిచినప్పుడు చికాగోకి వందేళ్ళుగా బేస్‌బాల్ కప్పే రాలేదన్నట్టు మాట్లాడినవాళ్ళని నేను నా కళ్ళతో చూశా, అదీ చికాగోలో, మా ఆఫీసులోనే.

కింది ఇంట్లో పెద్దాయన

నేను 2009 ఆగస్టులో ఎమ్మెస్‌కి ఇక్కడి ఐఐటీకొచ్చా, అంటే ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి. ఆ క్యాంపస్ నుంచి సాక్స్ స్టేడియానికి నడిచి వెళ్ళొచ్చు. బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఒక రెండంతస్తుల ఇంట్లో పైన నలుగురు తెలుగు కుర్రాళ్ళం, కింద ఓనరు. ఇక్కడ హోమ్ రన్ కొడితే టపాసులు కాలుస్తారని మాకు తెలీదు, మొదటిసారి ఆ చప్పుడుకి నలుగురం కిటికీ దగ్గరకి పరిగెత్తాం. కింద మెట్ల మీద పెద్దాయన రేడియో పెట్టుకుని కూర్చుని ఒళ్ళో పుస్తకంలో ఏదో గీస్తున్నాడు. తలెత్తి చూసి, రండి అని చెయ్యూపాడు.

ఆ పుస్తకం స్కోర్‌బుక్. స్టేడియంలో ఇచ్చే కార్డు కాదు, స్పైరల్ బైండింగ్‌ది, ఒక్కో మ్యాచ్‌కి రెండు పేజీలు, ఎదుటి టీమ్‌కొకటి మనకొకటి. ప్రతి బ్యాటర్‌కి ఒక గడి, గడిలో చిన్న డైమండ్ బొమ్మ. రన్ వస్తే ఆ డైమండ్‌ని పెన్సిల్‌తో నల్లగా నింపుతాడు. ఔటైతే ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్ళిందో నంబర్లేస్తాడు, షార్ట్‌స్టాప్ 6, సెకండ్ బేస్ 4, ఫస్ట్ బేస్ 3, 6-4-3 అంటే డబుల్ ప్లే, ఒకే బంతికి ఇద్దరు ఔట్. మూడు స్ట్రైక్‌లు పడి ఔటయ్యే స్ట్రైకౌట్‌కి కె అక్షరం, బ్యాట్ ఊపకుండా నిలబడి మూడో స్ట్రైక్ వదిలేస్తే అదే కె తిరగేసి రాస్తాడు. పెన్సిల్ ముల్లు అరిగితే చాకుతో చెక్కుకుంటాడు, ఆ పొట్టంతా మెట్ల మీద రాలుతూ ఉంటుంది.

ఆ సాయంత్రమే మాకు జులై 23 పేజీ చూపించాడు. మేము రావడానికి నెల ముందు సాక్స్ పిచర్ మార్క్ బర్లీ వేసిన పర్ఫెక్ట్ గేమ్. 27 మంది వచ్చారు, 27 మంది ఔట్, ఒక్కడు కూడా ఫస్ట్ బేస్ మీద కాలు పెట్టలేదు. ఆ పేజీలో ఒక్క డైమండ్ నల్లగా లేదు. తొమ్మిదో ఇన్నింగ్స్ మొదటి గడిలో మాత్రం 8 అంకె చుట్టూ పెన్సిల్ విరిగేంతగా వత్తి సున్నా చుట్టి ఉంది. 8 అంటే సెంటర్ ఫీల్డర్, డివేన్ వైజ్ గోడ మీదికి ఎగిరి పట్టిన క్యాచ్ అది. ఆ సున్నా మీద వేలు పెట్టి ఆయన చాలాసేపు మాట్లాడాడు, మాకు సగం అర్థం కాలేదు, కానీ ఆ వేలు నాకిప్పటికీ గుర్తుంది.

నేను మాత్రం సాక్స్ ఫ్యాన్‌ని కాలేదు. 2011లో డౌన్‌టౌన్‌లో ఉద్యోగమొచ్చింది, నార్త్ సైడ్‌కి మారిపోయా. 2012లో మా మేనేజర్ ఒక మధ్యాహ్నం టీమందర్నీ రిగ్లీ ఫీల్డ్‌కి తీసుకెళ్ళింది. 1914లో కట్టిన కబ్స్ సొంత స్టేడియం, ఔట్‌ఫీల్డ్ గోడ నిండా ఐవీ తీగ, ఎండ, చేత్తో అంకెలు మార్చే స్కోర్‌బోర్డు, గోడ బయట రోడ్డు మీద బంతి కోసం గ్లవ్ పట్టుకుని నిలబడ్డ మనుషులు. ఆరోజు మేము ఓడిపోయాం. అప్పటికే మేము అన్న మాట నా నోట్లోకొచ్చేసింది. ఓడిపోయినా బయటికొస్తుంటే సంతోషంగా ఉంది.

అక్కడే ఉంది నా అనుమానమంతా. నేను ప్రేమించింది టీమ్‌నా, ఆ చోటునా?

ఒకే ఏడాది, రెండు టీమ్‌లు

ఆ 2012 సీజన్‌నే తీసుకోండి. కబ్స్ 101 మ్యాచ్‌లు ఓడారు. అయినా రిగ్లీకి దాదాపు 28.8 లక్షల మంది వచ్చారు. అదే ఏడాది సాక్స్ 85 గెలిచారు, సీజన్‌లో ఎక్కువ భాగం డివిజన్‌లో వాళ్ళదే మొదటి స్థానం, చివర్లో డెట్రాయిట్ దాటేసింది. వాళ్ళ స్టేడియానికి వచ్చినవాళ్ళు 20 లక్షలు కూడా లేరు.

ఈ అంకెలు కబ్స్ ఫ్యాన్‌కి చూపిస్తే చూశావా మా భక్తి, ఓడినా వస్తాం అంటాడు. సాక్స్ ఫ్యాన్‌కి చూపిస్తే చూశావా, వాళ్ళు వచ్చేది ఆట కోసం కాదు, ఎండలో బీరు తాగడానికి, గెలిచినా ఓడినా వాళ్ళకొకటే అంటాడు. 2008 ఎన్నికలప్పుడు ఒబామా కూడా ఇదే అన్నాడు, రిగ్లీలో జనం ఆట చూడరని, సాక్స్ అంటేనే బేస్‌బాల్ అని. మావాళ్ళకి చాలా కోపమొచ్చిన మాట అది. నాకూ వచ్చింది. రిగ్లీలో ఎదుటి టీమ్ వాడు కొట్టిన హోమ్ రన్ బంతి చేతికొస్తే దాన్ని తిరిగి గ్రౌండ్‌లోకి విసిరేస్తారు, ఆ బంతి దొరకడమే జన్మకోసారి, దాన్ని వద్దనుకునేవాడు ఆట చూడట్లేదంటే నేనొప్పుకోను.

కానీ సాక్స్ వాళ్ళ మాటలో ఒక పదునుంది, దాన్ని తప్పించుకోలేం. గెలిచినా ఓడినా స్టేడియం నిండితే టీమ్ నడిపేవాళ్ళకి మంచి ఆటగాళ్ళ మీద ఖర్చుపెట్టే తొందరేముంటుంది? కోప్పడని అభిమానం ఎన్నో ఏళ్ళు మా టీమ్‌ని బద్ధకంగా ఉండనిచ్చిందేమో అని నాకనిపిస్తుంది. దీన్ని నిరూపించలేను. కానీ ఇల్లు కారుతున్నా అద్దె టైముకిచ్చేవాడుంటే ఎవరు కప్పు బాగుచేస్తారు?

ఇంకో సంగతి, రిగ్లీ ఎప్పుడూ నిండేదన్నది నిజం కాదు. 1966 సెప్టెంబర్ 21న ఒక మ్యాచ్‌కొచ్చిన జనం 530 మంది. మా ఊళ్ళో సెకండ్ షోకి అంతకంటే ఎక్కువొస్తారు. 1951 నుంచి 1967 దాకా వరసగా 17 సీజన్లు సాక్స్ ఓటముల కంటే గెలుపులే ఎక్కువ తెచ్చుకున్నారు, అప్పుడు ఈ ఊరు వాళ్ళది. మరి ఎప్పుడు తిరగబడింది? 1981లో ట్రిబ్యూన్ కంపెనీ కబ్స్‌ని కొంది, కబ్స్ మ్యాచ్‌లు చూపించే డబ్ల్యూజీఎన్ టీవీ కూడా వాళ్ళదే. అదే టైములో సాక్స్ కొత్త యాజమాన్యం మ్యాచ్‌లని డబ్బు కట్టి చూసే ఛానల్‌కి మార్చింది. పదకొండేళ్ళు సాక్స్‌కి కామెంటరీ చెప్పిన హ్యారీ కేరే 1982లో కబ్స్‌కొచ్చేశాడు, ఏడో ఇన్నింగ్స్‌లో జనం చేత పాట పాడించే అలవాటు సౌత్ సైడ్‌లో మొదలుపెట్టినవాడు, అదీ వెంట తెచ్చేసుకున్నాడు. రిగ్లీలో 1988 దాకా లైట్లు లేవు, అన్నీ పగటి మ్యాచ్‌లే, బడి నుంచొచ్చిన పిల్లాడు బ్యాగు పడేసి టీవీ పెడితే ఉచితంగా కబ్స్. దేశమంతా, కేబుల్ ఉన్న ప్రతి ఇంట్లో. 1984లో టీమ్ కూడా గెలవడం మొదలెట్టింది, ఆ ఏడాదే మొట్టమొదటిసారి రిగ్లీకి 20 లక్షల మంది దాటి వచ్చారు.

అంటే మేము తరతరాల భక్తి అని చెప్పుకునేదాంట్లో ఒక పెద్ద ముక్క ఎవరింట్లో ఏ ఛానల్ వచ్చేదన్న దాని మీద ఆధారపడింది. ఇది తెలిసినప్పుడు నాకు నిజంగా బాధేసింది.

కొలవడం మనకి కొత్తేం కాదు

గుడివాడ పక్క పల్లెలో పెరిగినవాణ్ణి, ఎవరి ఫ్యాన్స్ గొప్ప అన్న గొడవ నాకు ఒకళ్ళు నేర్పక్కర్లేదు. కటౌట్ ఎత్తెంత, దండ బరువెంత, బెనిఫిట్ షోకి చించిన కాగితాలెన్ని బస్తాలు, మొదటి వారం కలెక్షనెంత, అన్నీ అంకెలే. మా అన్నయ్య ఒక హీరో, మా బాబాయి కొడుకు ఇంకో హీరో, సంక్రాంతికి రెండు సినిమాలు పడితే ఇంట్లో పండగ ఉండేది కాదు. కానీ నాకు బాగా గుర్తున్నది మా అన్నయ్య అభిమాన హీరో సినిమా ఘోరంగా పోయినప్పటి సంగతి. రెండో వారం మధ్యలో, ఒక మంగళవారం మ్యాట్నీకి వాడొక్కడే సైకిలేసుకుని వెళ్ళాడు. ఎవరికీ చెప్పలేదు. అమ్మ అడిగితే లైబ్రరీకెళ్ళా అన్నాడు. జేబులో టికెట్ ముక్క నాకు దొరికింది. మొదటి రోజు థియేటర్ ముందు అరిచిన వందమందిలో మా అన్నయ్య ఎంత అభిమానో నాకు తెలిసేది కాదు, ఆ టికెట్ ముక్కతో తెలిసింది.

సాక్స్ వాళ్ళ గురించి ఆలోచిస్తే నాకు ఆ మంగళవారం మ్యాట్నీ గుర్తొస్తుంది.

2024

ఆధునిక బేస్‌బాల్‌లో ఏ టీమూ ఒక సీజన్‌లో ఓడనన్ని మ్యాచ్‌లు సాక్స్ ఓడారు, 121. 1962 నాటి న్యూయార్క్ మెట్స్ 120 ఓడారు, దాన్ని దాటేశారు. జులై, ఆగస్టుల్లో వరసగా 21 ఓడారు. సీజన్ మొత్తమ్మీద స్టేడియానికొచ్చినవాళ్ళు దాదాపు 13.8 లక్షలు, మాకు దాదాపు 29 లక్షలు. రైల్లో ఆవిడ కుర్చీలున్నాయి మనుషులేరీ అన్నది ఈ సీజన్ గురించే.

మా బ్రిడ్జ్‌పోర్ట్ ఇంటి పాత ఓనరు ఆ ఏడాది ఒక్క మ్యాచ్‌కి కూడా వెళ్ళలేదు. నాకు ఆశ్చర్యమేసి అడిగా. "నా డబ్బులివ్వను" అన్నాడు, అంతే. ఇంటి నుంచి స్టేడియం లైట్లు కనిపిస్తాయి, వెళ్ళలేదు. కానీ ఏప్రిల్ నుంచి ఒక్క మ్యాచ్ వదల్లేదు, రేడియో, పుస్తకం, పెన్సిల్. 79 ఏళ్ళు. ఆ 21 ఓటముల వరస ఆగస్టు 6న ఓక్‌ల్యాండ్‌లో ఆగింది, 5-1తో గెలిచారు, అక్కడ సాయంత్రమంటే మాకు రాత్రి బాగా పొద్దుపోయాక. మర్నాడు ఫోన్ చేస్తే గొంతు బొంగురుపోయింది. చివరిదాకా మేలుకున్నావా అంటే, పుస్తకంలో ఖాళీ గడి ఉంటే నిద్రెలా పడుతుంది అన్నాడు. ఒక్కో మ్యాచ్‌కి రెండు పేజీలు, 21 మ్యాచ్‌లకి 42 పేజీల ఓటమి చేత్తో రాసుకున్నాడాయన.

ఆ 13.8 లక్షల్లో ఈయన లేడు. ఆ లెక్క ప్రకారం ఈయన ఫ్యానే కాదు.

ఇదంతా నా పాత రూమ్మేట్‌కి చెప్పా. వాడు బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఉన్నప్పుడే సాక్స్ ఫ్యానైపోయాడు, ఇప్పుడు నేపర్‌విల్‌లో ఉంటాడు, ఇద్దరు పిల్లలు. నా మాటకి పొంగిపోతాడనుకున్నా. వాడు గయ్యిమన్నాడు.

"ఒరేయ్, ఆయనకి నువ్వు దండలెయ్యకు. నేను ఆ ఏడాది ఏడు మ్యాచ్‌లకి పిల్లల్ని తీసుకెళ్ళా. ఒకరోజు సెక్షన్ మొత్తానికి మేం నలుగురమే. గ్రౌండ్‌లో ఆడేవాళ్ళు ఇరవై రెండేళ్ళ కుర్రాళ్ళురా, తలెత్తి చూస్తే కుర్చీలు తప్ప ఏం లేదు. వాళ్ళేం పాపం చేశారు? నా కూతురు ఒక్కతే అరుస్తుంటే రైట్ ఫీల్డర్ తిరిగి చెయ్యూపాడు తెలుసా. కోపం ఉన్నవాడు లోపలికొచ్చి అరవాలి. ఇంట్లో కూర్చుని రేడియో వింటే టీమ్ ఊరే వదిలి పోతుంది."

వాడి చివరి మాట గాల్లో మాట కాదు. 1988లో సాక్స్ నిజంగానే ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి పోబోయారు. కొత్త స్టేడియానికి డబ్బిచ్చే బిల్లు జూన్ 30 అర్ధరాత్రిలోగా పాసవ్వాలి, టైమైపోతుంటే ఇల్లినాయ్ అసెంబ్లీలో గడియారం ఆపేసి మరీ ఓటేయించారు. ఆ ఓటు తప్పుంటే ఈ పెద్దాయన పుస్తకమూ లేదు, వాడి కూతురి అరుపూ లేదు.

నాకు సమాధానం దొరకలేదు. ఇప్పటికీ ఆ ఇద్దరిలో ఎవరిది రైటో తేల్చలేను, రోజుని బట్టి మారుతూ ఉంటా. వాణ్ణి తలుచుకుంటే వెళ్ళడమే ప్రేమ అనిపిస్తుంది, ఆయన్ని తలుచుకుంటే పక్క వీధిలో లైట్లు వెలుగుతున్నా వెళ్ళకుండా పళ్ళు బిగించుకుని కూర్చోవడం ఎంత కష్టమో అనిపిస్తుంది. సెప్టెంబర్ ఆఖరి వారం ఏంజెల్స్‌తో మ్యాచ్‌లకి చాలామంది చరిత్రలో నిలిచే ఓటమి చూద్దామని వచ్చారు, టీమ్ అమ్మెయ్ అని సాక్స్ ఓనర్‌ మీద అరిచారు, టీమేమో ఆ మూడు మ్యాచ్‌లూ గెలిచింది. వాళ్ళు ఏ లెక్కలోకొస్తారో కూడా నాకు తెలీదు. ఒకటి మాత్రం గమనించా, వెళ్ళిన నా స్నేహితుడు గానీ వెళ్ళని పెద్దాయన గానీ, ఎనిమిది మైళ్ళ దూరంలో రిగ్లీ ఉంది కదా అటు మారిపోదాం అన్న మాట ఎత్తలేదు. అదే రైలు, సీటు మారక్కర్లేదు, అడిసన్ స్టేషన్‌లో దిగితే చాలు.

గోడ మీద పేరు

ఇక్కడిదాకా రాసి నాలుగు రోజులు పక్కన పెట్టేశా, ఎందుకంటే మా మేనేజర్ గుర్తొచ్చింది. నన్ను మొదటిసారి రిగ్లీకి తీసుకెళ్ళినావిడే.

2016 నవంబర్ 2న క్లీవ్‌లాండ్‌లో వరల్డ్ సిరీస్ ఆఖరి మ్యాచ్‌ని పదో ఇన్నింగ్స్‌లో, వాన వల్ల 17 నిమిషాలు ఆగి, 8-7తో గెలిచాం. మర్నాడు సాయంత్రం ఆఫీసయ్యాక ఆవిడ నన్ను రమ్మంది. రిగ్లీ బయట ఇటుక గోడల మీద జనం చాక్‌పీసులతో పేర్లు రాస్తున్నారు. ఎక్కువ పోయినవాళ్ళ పేర్లే. నాన్న, తాతయ్య, అమ్మమ్మ, పుట్టిన ఏడు, పోయిన ఏడు. చెయ్యి అందినంత ఎత్తు నిండిపోయింది, కొందరు ఒకరి భుజాల మీద ఒకరెక్కి రాస్తున్నారు. ఆవిడ నడుము వంచి కిందెక్కడో ఒక్క ఇటుక ఖాళీ వెతుక్కుని వాళ్ళ నాన్న పేరు రాసింది. నేను ఫోన్ లైటు పట్టుకున్నా. చాక్‌పీసు చిన్నదైపోయి గోరు ఇటుకకి గీసుకుంది, పట్టించుకోలేదు. వాళ్ళ నాన్న 1945లో ఏడేళ్ళవాడట. ఆ తర్వాత మళ్ళీ మా టీమ్ వరల్డ్ సిరీస్‌లో ఆడింది 2016లోనే, ఆయన రెండేళ్ళ ముందు పోయాడు. ఆ గెలుపు రాత్రే ఒకాయన నార్త్ కరోలైనా నుంచి ఇండియానా దాకా కారు నడిపి వాళ్ళ నాన్న సమాధి పక్కన కూర్చుని రేడియోలో మ్యాచ్ విన్నాడని వార్తల్లో అందరూ చదివే ఉంటారు. తండ్రీకొడుకులు ముందే ఒప్పందం చేసుకున్నారట, టీమ్ ఎప్పుడు వరల్డ్ సిరీస్‌కి వెళ్ళినా కలిసే వినాలని.

ఆ గోడ ముందు నిలబడినవాణ్ణి, సాక్స్ వాళ్ళ అభిమానం పెద్దదని నేనెలా రాస్తా?

తర్వాత లెక్క కట్టుకుంటే తెలిసింది. ఆవిడ నాన్నకి 1966లో 28 ఏళ్ళు. ఆ 530 మంది రోజుల్లో రిగ్లీకి వెళ్ళినవాడు ఆయన. ఆవిడే చెప్పింది, పనయ్యాక బ్లీచర్స్‌లో బల్లల మీద కాళ్ళు చాపుకుని పడుకునేంత ఖాళీ ఉండేదని నాన్న చెప్పేవాడని. అప్పటికి టీవీ కథలూ లేవు, ముద్దుగా ఓడిపోయే టీమ్ అన్న పేరూ లేదు, ఉత్తినే ఓడిపోయే టీమ్. అంటే ఆయనా నా పాత ఓనరూ ఒకే జాతి. 1966లో ఈ గొడవ రైల్లో జరిగుంటే నేను కబ్స్ వైపు నిలబడి గట్టిగా వాదించేవాణ్ణి. 2025లో జరిగింది కాబట్టి రైల్లోని ఆ పెద్దాయన మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. నా అభిప్రాయం మారలేదు గానీ, ఇది నీలానికీ నలుపుకీ శాశ్వతంగా రాసిచ్చిన పట్టా కాదని మాత్రం ఒప్పుకుంటా.

ఇంకొకటి కూడా చెప్పకపోతే నాకు మనశ్శాంతి ఉండదు. రైల్లో ఆ ఇద్దరూ ఎత్తని సంగతులున్నాయి. 2003లో ఫౌల్ బాల్‌కి చెయ్యి చాచిన మనిషిని, అతని పక్కనున్నవాళ్ళు కూడా చాచారు, మావాళ్ళు ఎంత హింసపెట్టారంటే సెక్యూరిటీ ముఖం కప్పి బయటికి తీసుకెళ్ళాల్సొచ్చింది, తర్వాత ఇంటి ముందు పోలీసుల్ని పెట్టాల్సొచ్చింది. ఆ ఇన్నింగ్స్‌లో ఎనిమిది రన్లిచ్చింది టీమ్, అతను కాదు. అతని పేరు నేను రాయను, 2017లో టీమ్ అతనికి ఛాంపియన్‌షిప్ ఉంగరం ఇచ్చింది, అది చాలదు. సౌత్ సైడ్‌లో 2002లో ఒక తండ్రీకొడుకులు గ్రౌండ్‌లోకి దూకి కాన్సస్ సిటీ కోచ్‌ టామ్ గంబోవాని కిందపడేసి కొట్టారు. ఎక్కువ అభిమానం అంటే ఎక్కువ మంచితనం అని నేననట్లేదు. ఎంత లోతుకి దిగింది అన్నదొక్కటే నా ప్రశ్న.

ఆఖరి ఆదివారం

2024 సెప్టెంబర్ 27 శుక్రవారం డెట్రాయిట్‌లో ఆ 121వ ఓటమి వచ్చింది. ఆదివారం సీజన్‌లో చివరి మ్యాచ్, నేను బ్రిడ్జ్‌పోర్ట్ వెళ్ళా. పెద్దాయన ఒక్కడే ఉంటాడు కదా అని ఇడ్లీలు పట్టుకెళ్ళా, చట్నీ వద్దంటాడు, పంచదార అద్దుకుని తింటాడు. వంటింటి బల్ల మీద రేడియో, పుస్తకం. శనివారం పేజీ తిప్పి చూపించాడు, 4-0, సాక్స్ గెలిచారు. పోస్ట్‌సీజన్ ఖాయం చేసుకున్న టీమ్‌ని దాని సొంత గడ్డ మీద, ఆధునిక బేస్‌బాల్‌లో అందరికంటే ఎక్కువ ఓడిన టీమ్ ఓడించింది, దేశంలో ఎవరికీ అక్కర్లేని మ్యాచ్. ఆయన మాత్రం ప్రతి పిచర్ పేరు కింద ఎన్ని ఇన్నింగ్స్ వేశాడో, ఎన్ని స్ట్రైకౌట్లో గుండ్రటి అక్షరాలతో రాశాడు.

ఆదివారం కూడా గెలిచారు, 9-5. చివరి ఔట్ రాసి, 41-121 అని పేజీ అడుగున వేసి, కింద గీత కొట్టాడు. నేను ఇంకేదో అంటాడని చూస్తున్నా. పుస్తకంలో ఇంకా పేజీలు మిగిలాయి, ఒక్కొక్కటీ తిప్పి లెక్కపెట్టాడు. తర్వాత ఒక కొత్త పేజీ తీసి పైన మార్చి 27 అని తేదీ వేసి, ఎదుటి టీమ్ గడిలో ఏంజెల్స్ అని రాసి, పెన్సిల్ చెవి మీద పెట్టుకుని రేడియో కట్టేశాడు.